కంప్యూటర్ మింగిన పిట్టపాట

ఆపరేటరమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పైరెండేళ్లు చెవులమ్ముకుని బతికింది. ఆ మాట ఆవిడదే. హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చుంటే అవతలివాళ్లు "హలో" అన్న ఒక్క మాటతో ఎవరో చెప్పేసేదనీ, జలుబు చేసిందో, ఇంట్లో పోట్లాడి వచ్చారో కూడా కనిపెట్టేసేదనీ ఆఫీసులో పేరుండేది. ఆవిడ రిటైరైన ఏడాదే ఎక్స్ఛేంజి మూతబడింది. ఎవరి ఫోన్లు వాళ్లు జేబులో వేసుకుని తిరిగే రోజులొచ్చాయి. ఇక వినడానికి మనుషులెవరూ మిగలక ఆవిడ పిట్టల మీద పడింది.

రోజూ పొద్దున్న ఆరింటికల్లా పార్కులో కొలను గట్టున ఉండేది. చేతిలో అరచేతంత రికార్డరు, విరిగిన గొడుగు కర్రకి కట్టిన మైకు, ఆ మైకుకి గాలిహోరు తగలకుండా గిన్నెలు తోమే స్పాంజి తొడుగు. ఇంటికొచ్చి, కూతురు వాడి వదిలేసిన కంప్యూటర్లో ఆ శబ్దాలన్నీ ఎక్కించి, తేదీ, చోటు, ఎండా మబ్బా అన్నీ రాసి దాచుకునేది. ఏడేళ్లలో నలభైమూడు రకాల పిట్టలు చేరాయి.

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లోవాళ్లకీ వీధిలోవాళ్లకీ ఇప్పటికీ డ్రైవరుగారే. ఆయనకి పిట్టలతో పని లేదు. బయటి పనులే ఆయన సరదా. పాలు, బ్రెడ్డు, మందుల షాపు, చెప్పులు కుట్టించడం, కరెంటాఫీసు, వీటన్నిటినీ ఒక కాగితం మీద స్టాపుల్లా వరసగా రాసుకుని, వెళ్లిన దారిన మళ్లీ రాకుండా చుట్టు తిరిగి ఇంటికి చేరేవాడు. ఎవరైనా దారిలో ఆపి కబుర్లు మొదలెడితే "ఇది ఎక్స్‌ప్రెస్సు" అని నడిచిపోయేవాడు.

ఒక మంగళవారం పొద్దున్న కొలను గట్టున పార్కు సూపర్వైజరు ఇద్దరు మనుషుల చేత టేపు పట్టించి కొలతలు తీయిస్తూ కనబడింది. ముప్పై అయిదేళ్ల మనిషి, నడుముకి తాళాల గుత్తి, చెవి దగ్గర ఎప్పుడూ ఫోను.

"ఏం కడుతున్నారమ్మా?" అని అడిగింది ఆపరేటరమ్మ.

"కట్టడం కాదు మేడమ్, కొట్టేయడం. ఈ తుంగంతా శనివారం తీసేస్తున్నాం. మిషను వస్తోంది. దోమలని ఆ ఎదురు ఫ్లాట్లవాళ్లు నెల రోజుల్నుంచి నా ప్రాణం తీస్తున్నారు."

"అందులో పిట్టలు గూడు పెట్టి ఉన్నాయి."

"ఏ పిట్టలు?"

"తుంగపిట్ట. ఇంతే ఉంటుంది, మట్టిరంగు. గడ్డిలో దాక్కుంటుంది. ఇది గుడ్లు పెట్టే కాలం. ఒక్క నెల ఆగండి, పిల్లలు ఎగిరిపోతాయి."

సూపర్వైజరు తుంగ వంక చూసింది. గాలికి ఊగే గడ్డి తప్ప ఏమీ లేదు. "నేను రోజూ తిరుగుతాను, ఒక్కటీ చూడలేదు మేడమ్. మీరు చెప్పారని ఆపేస్తే పైవాళ్లకి ఏం రాయను? ఏదైనా ఆధారం తెండి. ఫోటోనో, ఏదో ఒకటి. శుక్రవారం సాయంత్రం దాకా ఆఫీసులో ఉంటాను."

"ఫోటోకి అది నిలబడదు. గొంతు తెస్తాను" అంది ఆపరేటరమ్మ.

ఆవిడ దగ్గర ఆ గొంతు ఇదివరకే ఉంది. నాలుగేళ్ల క్రితం ఇదే గట్టు మీద పట్టింది. కీచురాయి పాటని ఇంకా సన్నగా లాగినట్టు, ఆగకుండా సాగే గీత లాంటి పాట. అయినా పాతది చూపిస్తే ఇప్పుడున్నాయని రుజువేంటి అంటారని అప్పటికప్పుడు మైకు కర్రని తుంగలోకి చాపింది. అదృష్టం బాగుండి ఒక పిట్ట గడ్డిపోచ మీదికి పాకి కూర్చుంది. ముక్కు తెరిచింది. గొంతు కింద ఈకలు వణకడం ఆవిడకి స్పష్టంగా కనబడింది. రోడ్డు మీద బస్సుల మోతకి పాట వినబడలేదు గానీ మైకు మూరెడు దూరంలో ఉంది, అది పట్టుకోకపోదు. పావుగంట రికార్డు చేసి ఇంటికి పరిగెత్తింది.

కంప్యూటర్లో పెట్టి వింటే గాలి ఉంది. బస్సు ఉంది. దూరంగా కుక్క ఉంది. పిట్ట లేదు.

సౌండు పెంచింది. తీగ ఊడదీసి మళ్లీ పెట్టింది. కంప్యూటరు ఆపి, పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ వేసింది. లేదు. అప్పుడు నాలుగేళ్ల నాటి పాతది తెరిచింది. ఆ రోజు తన చెవులతో విని, విన్నది విన్నట్టు పక్కన రాసిపెట్టుకుంది: "అద్భుతం. మూడు నిమిషాలు ఆపకుండా." ఇప్పుడు పెడితే ఆ మూడు నిమిషాలూ నిశ్శబ్దం. కొత్తది రాకపోవడం సరే, ఇది పాతవాటిని కూడా మింగేస్తోందన్నమాట.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

డ్రైవరుగారు కూరగాయల సంచి కింద పెట్టి వచ్చాడు. ఆవిడ హెడ్‌ఫోను తీసి ఆయన తలకి పెట్టింది. "ఏమైనా వినబడుతోందా?"

ఆయన కాసేపు విన్నాడు. స్క్రీను చూశాడు, ఆవిడ ముఖం చూశాడు. మళ్లీ స్క్రీను చూశాడు.

"గాలి" అన్నాడు. "బస్సొకటి. గేరు మార్చడం రాదు వాడికి."

"పిట్ట?"

"పిట్టేం లేదే."

"చూశారా! ఇది చెడిపోయింది. రేడియో మేస్త్రి దగ్గరికి పట్టుకెళదాం."

డ్రైవరుగారు ఏదో అనబోయి, సంచి తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు.

రేడియో మేస్త్రి అంటే ఆ వీధి మలుపులో కంప్యూటర్లు బాగుచేసే ఆయన. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, ఆ పేరు అలాగే ఉండిపోయింది. షాపు నిండా పాత పెట్టెలు, తీగల చుట్టలు, అగరుపుల్లలా సన్నగా పొగలు కక్కే సోల్డరింగు కడ్డీ. బుధవారం పొద్దున్న డ్రైవరుగారు కంప్యూటరు పెట్టెని చక్రాల కూరగాయల సంచిలో దుప్పటి చుట్టి లాక్కెళ్లాడు. మేస్త్రి మూత విప్పి, గుప్పెడు దుమ్ము దులిపి, తన దగ్గరున్న పాటలు పెట్టి చూశాడు. పెట్టె షాపంతా అదిరిపోయేలా పాడింది.

"బంగారంలా ఉంది సార్. హెడ్‌ఫోను పాతదేమో, ఇది వాడి చూడమనండి" అని ఒకటిచ్చాడు.

కొత్త హెడ్‌ఫోనులోనూ పిట్ట లేదు.

గురువారం ఆవిడ చీటీ మీద రాసి పంపింది: "పాటలు కాదు. సన్నటి శబ్దాలు మింగేస్తోంది. దయచేసి లోపల చూడండి." మేస్త్రి చీటీ రెండుసార్లు చదువుకున్నాడు. గంటసేపు కుస్తీపట్టి తల పైకెత్తాడు.

"లోపల శబ్దాన్ని నడిపే సౌండు డ్రైవరు పాతదైపోయింది సార్. తీసేసి కొత్తది వేశాను."

"నాకు చెబితే నేనే దిగిపోయేవాణ్ని కదయ్యా" అన్నాడు డ్రైవరుగారు. మేస్త్రి నవ్వాడు గానీ ఆయన నవ్వలేదు. బెంచీ మీద కూర్చుని చేతిసంచి తాడుని వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నాడు. "మేస్త్రీ, ఒకవేళ మిషనులో తప్పు లేకపోతే..." అని ఆగి, "ఏం లేదులే, ఎక్కించు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆపరేటరమ్మ తలుపులు వేసుకుని నలభైమూడు పిట్టల్నీ వరసగా విన్నది. కాకి ఉంది, పావురం ఉంది, చిలకలున్నాయి. వడ్రంగిపిట్ట టకటకా ఉంది. తేనెపిట్ట సగమే ఉంది. పిచ్చుక పిల్లలు లేవు. పక్కన కాగితం మీద గీతలు గీసుకుంది. ఉన్నవి ఇరవైతొమ్మిది, పోయినవి పధ్నాలుగు. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి ఆవిడ. ఏడేళ్ల పని ఈ డబ్బా మింగేస్తుంటే ఊరుకుంటానా అనుకుంది.

"రేపు నేనే వస్తాను" అంది అన్నం తింటూ. "ఆ మేస్త్రి ఎదురుగా కూర్చుని వినిపిస్తాను. అప్పుడెలా బంగారం అంటాడో చూస్తాను."

"రేపు నాకు కరెంటాఫీసు పనుంది" అన్నాడు డ్రైవరుగారు.

"కరెంటాఫీసు ఎక్కడికీ పోదు. పెట్టె ఎవరు లాగుతారు?"

శుక్రవారం షాపు తెరిచేసరికి ఇద్దరూ మెట్ల మీద ఉన్నారు. ఆవిడ మేస్త్రి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నాలుగేళ్ల నాటి రికార్డు తెరిపించింది. హెడ్‌ఫోను వద్దంది. పెద్ద స్పీకర్లే పెట్టమంది. మేస్త్రి మీట నొక్కాడు.

"వినండి" అంది ఆపరేటరమ్మ. "గాలి వచ్చిందా? ఇప్పుడు పిట్ట రావాలి. ఇదిగో, ఇక్కడ. ఏదీ? విన్నారా, ఏమీ లేదు!"

మేస్త్రి ఆవిడ వంక వింతగా చూశాడు. "వస్తోంది కదమ్మా."

"ఏం వస్తోంది?"

"పాట. సన్నగా, జిర్రుమని. చెవిలో గుచ్చుకుంటోంది కూడాను."

ఆవిడ స్పీకరు దగ్గరికి వంగింది. చెవి ఆనించింది. మేస్త్రి సౌండు పెంచాడు. చార్జరు కొనడానికొచ్చిన ఒకావిడ "అబ్బ, ఏంటండీ ఆ కీచుమోత" అని చెవులు మూసుకుంది. ఆపరేటరమ్మ ఆవిడ చేతుల వంక చూసింది, స్పీకరు వంక చూసింది. స్పీకరులో గాలి వీస్తోంది. అంతే.

మేస్త్రి పాట ఆపేశాడు. కాసేపు గడ్డం గోక్కుని, అడుగు అరలోంచి ఒక పాత పెట్టె తీశాడు. "ఇది రేడియోల కాలం నాటిదమ్మా. దీంట్లోంచి ఒక్కటే కూత వస్తుంది. నేను తిప్పేకొద్దీ సన్నగా అవుతుంది. వినబడినంతసేపూ వేలెత్తి ఉంచండి."

ఆవిడ వేలెత్తింది. చిన్నప్పుడు బళ్లో హాజరు చెప్పినట్టు నిటారుగా కూర్చుంది. కూత లావుగా మొదలై, ఈలలా మారి, సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది. ఆవిడ వేలు దించింది. మేస్త్రి చెయ్యి మాత్రం మీటని తిప్పుతూనే ఉంది. చార్జరు ఆవిడ ఇంకా ముఖం చిట్లించుకునే ఉంది. గోడకానుకున్న డ్రైవరుగారు మాత్రం నేల చూపులు చూస్తున్నాడు.

ఆపరేటరమ్మ ఆయన్నే చూసింది.

"మీకు వినబడుతోందా?"

ఆయన చేతిసంచి తాడుని వేలికి చుట్టాడు.

"మంగళవారం హెడ్‌ఫోను పెట్టినప్పుడు? అప్పుడు వినబడిందా?"

"వినబడింది" అన్నాడు.

మేస్త్రి లేని పనేదో వెతుక్కుంటూ లోపలి గదిలోకి వెళ్లాడు. చార్జరు ఆవిడ చిల్లర కూడా తీసుకోకుండా దిగిపోయింది.

"ఎన్నాళ్లనుంచి తెలుసు మీకు?"

"రెండేళ్లు. కాలింగ్‌బెల్లు కొట్టినా నువ్వు లేవట్లేదు. కుక్కరు పక్కనే ఉన్నా విజిల్సు లెక్క తప్పుతున్నావు. నేనే బెల్లు మార్చాను, లావుగా మోగేది. నువ్వు గమనించలేదు."

"మరి చెప్పరేం?"

"ఎలా చెప్పను?" ఆయన గొంతు మొదటిసారి పైకి లేచింది. "కాళ్లో కళ్లో అయితే చెప్పేవాణ్ని. చెవులు నీ ఉద్యోగం. నీ గొప్ప. ఎవరింట్లో పెళ్లికెళ్లినా 'మీ ఆవిడ గొంతు విని మనిషిని చెబుతుందట కదా' అని నన్నడుగుతారు. అలాంటి నీతో, నీ చెవులు పోతున్నాయే అని నేనా అనేది?"

"అనాలి. మీరు కాకపోతే ఎవరంటారు?" ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని చూసుకుని ఇంకా కోపం వచ్చింది. "నా గొప్ప కాపాడారు, బాగుంది. మూడు రోజులు పోయాయండీ. మూడు రోజులు! పాట నా దగ్గరే ఉంటే, లేదనుకుని ఈ డబ్బాని వీధి వెంట ఊరేగించాను. రేపు పొద్దున్నే మిషనొచ్చి ఆ గూళ్ల మీద తిరిగితే ఆ పాపం ఎవరిది?"

డ్రైవరుగారు పెట్టెకి చుట్టి తెచ్చిన దుప్పటిని మడతపెట్టడం మొదలెట్టాడు.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. గోడ గడియారం చూసింది. పది ఇరవై. ఏడవడానికి కూర్చుంటే సాయంత్రమవుతుంది. సాయంత్రమయ్యాక ఏడ్చినా లాభం లేదు.

"మేస్త్రిగారూ!" అని కేకేసింది. "ఆ పాట నాకు వినబడదు, సరే. ఉందని నాకు తెలిసే దారేదైనా ఉందా?"

మేస్త్రి పరుగున వచ్చాడు. "ఉందమ్మా. చూడొచ్చు."

ఏదో ప్రోగ్రాము ఎక్కించి, మంగళవారం నాటి రికార్డు అందులో తెరిచాడు. స్క్రీను మీద నల్లటి పలకలాంటిది వచ్చింది, దాని మీద పసుపు మరకలు. "ఇది శబ్దం బొమ్మ. కింద లావు శబ్దాలు, పైకి పోయేకొద్దీ సన్నవి. ఈ కింద బురదలా ఉందే, అది గాలి, బస్సులు. ఈ మెట్లు మెట్లుగా ఉన్నది కుక్క. ఇప్పుడు ఇక్కడ చూడండి, పైన."

పైన, అన్నిటికీ పైన, పసుపు పెన్సిలుతో స్కేలు పెట్టి గీసినట్టు ఒక సన్నటి గీత సాగుతోంది. దగ్గరికి పెంచి చూపిస్తే ఆ గీత నిండా కుట్టుమిషను కుట్టినంత దగ్గర దగ్గరగా చుక్కలు. ఆవిడ వేలుతో స్క్రీను తాకింది. నాలుగేళ్ల క్రితం విన్నది సరిగ్గా అలాగే ఉండేది.

"ఇదే" అంది. "ఇదెలా తెరవాలో నాకు నేర్పండి. మీరు నొక్కకండి, నేను నొక్కుతాను, మీరు చెప్పండి."

మేస్త్రి నాలుగుసార్లు చెప్పాడు. ఆవిడ అయిదోసారి చెప్పించుకుని కాగితం మీద రాసుకుంది. ఇంటికెళ్లే దారంతా చక్రాల సంచి గడగడ ఒక్కటే.

పదకొండున్నర నుంచి మూడింటి దాకా ఆవిడ కుర్చీ లోంచి లేవలేదు. ఈ నెలలో కొలను దగ్గర చేసిన రికార్డులన్నీ ఒక్కొక్కటే తెరిచి పైభాగం చూసుకుంటూ పోయింది. రెండుసార్లు ప్రోగ్రాము దానంతటది మూసుకుపోయింది. ఒకసారి బొమ్మంతా పచ్చబడి నిలిచిపోయింది. కాగితం చూసి మొదట్నుంచీ మొదలెట్టింది. డ్రైవరుగారు ఒంటిగంటకి కంచం తెచ్చి పక్కన పెట్టాడు. రెండింటికి చల్లారిన కంచం తీసుకెళ్లి వేడిచేసి మళ్లీ తెచ్చాడు. మూడోసారి మాత్రం పెట్టి వెళ్లలేదు, పక్కన నిలబడ్డాడు.

"అది కాదు" అన్నాడు మెల్లగా, ఆవిడ గుర్తు పెట్టిన ఒక గీత చూసి. "నాకు వినిపించు. ఊఁ, అది నీళ్ల పైపు కూత. కొట్టెయ్యి."

ఆవిడ తల తిప్పకుండా హెడ్‌ఫోను ఆయన వైపు జరిపింది. అప్పటినుంచి ఆవిడ చూస్తూ, ఆయన వింటూ పని సాగింది. గంటలో కొలను బొమ్మ ఒకటి కాగితం మీద తయారైంది. రోజూ ఎక్కడ నిలబడి రికార్డు చేసిందో రాసి ఉంది కాబట్టి, గీత కనబడిన చోటల్లా చుక్క పెట్టింది. చుక్కలన్నీ తూర్పు ఒడ్డున మూడు చోట్ల గుమిగూడాయి.

నాలుగున్నరకి ఇద్దరూ పార్కు ఆఫీసులో ఉన్నారు. సూపర్వైజరు ఫోనులో ఉంది. ఆపరేటరమ్మ పాట ఎక్కించి తెచ్చిన పెన్‌డ్రైవు తీసుకుని కంప్యూటర్లో పెట్టింది. నొక్కింది. ఏమీ రాలేదు.

"అయ్యో, దీనికి స్పీకర్లు లేవు మేడమ్. అడిగి రెండేళ్లయింది, ఇవ్వలేదు."

ఆపరేటరమ్మ కొలను బొమ్మ, అచ్చు తీయించిన శబ్దం బొమ్మ బల్ల మీద పరిచింది. పైన గీత చూపించి చెప్పింది. సూపర్వైజరు వింది గానీ, తల అడ్డంగా ఊపింది. "మీరు చాలా కష్టపడ్డారు, కాదనను. కానీ ఈ గీత చూపించి పిట్ట అంటే పైవాళ్లు నన్ను చూసి నవ్వుతారు. మిషనుకి చెప్పేశాం మేడమ్."

"పది నిమిషాలు నాతో రండి."

"ఇప్పుడా? ఆఫీసు మూసే టైమ్..."

"కొలను ఇక్కడే కదా. పది నిమిషాలు. వినబడకపోతే నేనే పొద్దున్నొచ్చి మీ మిషనుకి దారి చూపిస్తాను."

ఆ పట్టుకి సూపర్వైజరు నవ్వి తాళాలు తీసుకుంది.

తూర్పు ఒడ్డున ముగ్గురూ నిలబడ్డారు. ఎండ తుంగ చివర్ల మీద పచ్చగా పడుతోంది. ఆపరేటరమ్మ వేలు నోటి మీద పెట్టి సైగ చేసింది. అయిదు నిమిషాలు గడిచాయి. సూపర్వైజరు గడియారం చూసుకుంది. ఏడు నిమిషాలు. డ్రైవరుగారు చేతులు నలుపుకున్నాడు. ఎనిమిదో నిమిషంలో ఒక గడ్డిపోచ మిగతావాటికి ఎదురుగా వంగింది. దాని మీద మట్టిరంగు పిట్ట. ముక్కు తెరిచింది.

"ఇప్పుడు పాడుతోంది" అంది ఆపరేటరమ్మ.

ఆవిడకి నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. పిట్ట వంక చూడటం మానేసి పక్కవాళ్ల ముఖాలు చూసింది. సూపర్వైజరు కనుబొమ్మలు పైకి లేచాయి. ఫోను చేతిలో మోగుతున్నా చూసుకోలేదు. నోరు కొద్దిగా తెరుచుకుంది.

"ఇదా? ఇది రోజూ వింటానండీ! మోటారు దగ్గర ఏదో వైరు కూస్తోందనుకున్నాను. మొన్న కరెంటాయన్ని కూడా పిలిపించాను."

"వైరు కాదు. ఆపేసింది చూడండి. ఇప్పుడు కిందికి దిగుతుంది. అదిగో, రెండోది వచ్చింది, నోట్లో పురుగుంది. పిల్లలకి."

రెండో పిట్ట పురుగుతో సహా తుంగలోకి దూరి, వట్టి ముక్కుతో బయటికొచ్చింది. సూపర్వైజరు చూసింది.

"మీకంత దూరం నుంచి ఎలా వినబడుతోంది మేడమ్? నేను చెవులు రిక్కించాల్సి వచ్చింది."

ఆపరేటరమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. "నాకు వినబడదమ్మా" అంది. "ఈ పిట్ట ఒక్కటీ కాదు, సన్నటివేవీ వినబడవు. ఈ పొద్దున్నే తెలిసింది. కళ్లతో చూసి చెబుతున్నాను."

ఆ మాట పైకి అన్నాక, అనుకున్నంత బరువుగా లేదనిపించింది ఆవిడకి.

సూపర్వైజరు ఆవిడ చేతిలో బొమ్మ తీసుకుని మూడు చుక్కల గుంపులూ చూసింది. "పూర్తిగా ఆపలేను. ఫ్లాట్లవాళ్లు నన్ను బతకనివ్వరు. పడమర, ఉత్తరం కొట్టించేస్తాను. ఈ తూర్పు ఒడ్డు ఆరు వారాలు ముట్టుకోం. పైవాళ్లకి నేను రాసుకుంటాను, ఈ కాగితాలు నాకు కావాలి. కానీ మిషనువాడికి ఎక్కడి దాకా అన్నది తెలియాలి కదా. పొద్దున్న ఏడింటికి మనుషులు లేరు నా దగ్గర."

"మేమున్నాం" అన్నాడు డ్రైవరుగారు, అప్పటిదాకా నోరు విప్పని మనిషి. "తాడుందా మీ దగ్గర?"

శనివారం ఆరుంపావుకి ఇద్దరూ మోకాళ్ల దాకా బట్టలు ఎత్తికట్టుకుని ఒడ్డున కర్రలు పాతి తాడు కట్టారు. తాడుకి ఎర్ర గుడ్డపేలికలు వేలాడదీశారు. ఏడింటికి మిషనొచ్చింది. దాన్ని నడిపే అతను తాడు చూసి విసుక్కోబోతే, డ్రైవరుగారు దగ్గరికెళ్లి స్టీరింగు గురించీ క్లచ్చు గురించీ రెండు మాటలు మాట్లాడి, ఎక్కడ తిప్పుకోవాలో, ఎక్కడ రివర్సు తీయాలో చేతులతో చూపిస్తూ మధ్యాహ్నం దాకా మిషను ముందే నడిచాడు. తాడు ఇవతలికి ఒక్క గడ్డిపోచ పడలేదు.

ఆపరేటరమ్మ కోపం మాత్రం అంత తొందరగా తగ్గలేదు. నాలుగు రోజులు ఆయనతో అవసరమైనంతే మాట్లాడింది. అయిదో రోజు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లడానికి టైము తీసుకుంది, ఇద్దరి పేర్ల మీదా.

"నాకెందుకు?" అన్నాడాయన.

"ముప్పై ఏళ్లు ఇంజను పక్కన కూర్చున్నారు. ఏదో ఉండకపోదు. ఉంటే నేను రెండేళ్లు దాచిపెట్టను, అక్కడికక్కడే తెలుసుకుందాం."

ఉంది. ఆయన ఎడమ చెవి సగానికి సగం పోయింది. గాజు గదిలో కూర్చోబెట్టి, వినబడితే బటను నొక్కమంటే, ఆయన శబ్దం లేనప్పుడల్లా నొక్కాడట. డాక్టరమ్మ వచ్చి "మీరు ముందే నొక్కుతున్నారండీ" అంటే, "స్టాపు వచ్చేముందే బ్రేకు నొక్కాలి కదా" అన్నాడట. ఆపరేటరమ్మ బయట బెంచీ మీద కూర్చుని, అద్దంలోంచి అదంతా చూసి, నాలుగు రోజుల తరవాత మొదటిసారి నవ్వింది.

ఆవిడ రిపోర్టు చేతిలో పెట్టుకుని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. చెవి మిషను పెట్టుకుంటే మాటలు బాగా వినబడతాయి, బెల్లు, కుక్కరు వినబడతాయి. మరీ పైనున్నవి మాత్రం తిరిగి రావు.

"తుంగపిట్ట?" అని అడిగింది ఆపరేటరమ్మ.

"అదెంత సన్నగా ఉంటుందండీ?"

ఆవిడ సంచిలోంచి శబ్దం బొమ్మ తీసి చూపించింది. డాక్టరమ్మ ఆ గీతనీ, రిపోర్టులో దిగజారిపోతున్న గీతనీ పక్కపక్కన పెట్టి చూసి, లేదన్నట్టు తల ఊపింది.

"సరే" అంది ఆపరేటరమ్మ. "మిగతావాటికి పెట్టండి."

మిషను పెట్టించుకున్న రోజు వీధిలోకి దిగగానే ప్రపంచమంతా కాగితాలు నలుపుతున్నట్టు వినబడి చిరాకు పడింది. తన చెప్పుల చప్పుడుకి తనే రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. వారానికి అలవాటైంది. తేనెపిట్ట పూర్తిగా తిరిగొచ్చింది. పిచ్చుక పిల్లలు సగం వచ్చాయి. పధ్నాలుగింట్లో తొమ్మిది దొరికాయని కాగితం మీద లెక్క సరిచేసుకుంది. మిగతా అయిదింటికీ పక్కన "చూడవలెను" అని రాసుకుంది.

అయిదో వారంలో ఒక పొద్దున్న తూర్పు ఒడ్డున తుంగ మీద నాలుగు కొత్త పిట్టలు కూర్చుని ఉన్నాయి. తోకలు ఇంకా పొట్టిగా, ఈకలు చెదిరి, కూర్చున్న పోచ కిందికి వంగిపోతుంటే కంగారుపడి రెక్కలాడిస్తున్నాయి. సూపర్వైజరు కూడా వచ్చి చూసింది. పై ఆఫీసువాళ్లకి కాగితాలు నచ్చాయనీ, అవతలి పేటలో ఇంతకంటే పెద్ద కొలను బాగుచేయబోతున్నారనీ, అక్కడేమున్నాయో ముందే చూసి చెప్పగలరా అనీ అడిగింది.

"ఎంత పెద్దది?" అంది ఆపరేటరమ్మ.

"దీనికి నాలుగింతలు మేడమ్. తిరగడానికే గంట పడుతుంది. మీకు ఇబ్బందైతే..."

"ఇబ్బంది కాదమ్మా, దారి అడుగుతున్నాను. ఏమండీ, అటువైపు పొద్దున్న అయిదున్నరకి బస్సుందా?"

డ్రైవరుగారు కుడిచెవి అటు తిప్పి మళ్లీ చెప్పించుకున్నాడు. తరవాత జేబులోంచి కాగితం తీసి, స్టాపులు రాయడం మొదలుపెట్టాడు.